యుకాన్‌లో ట్రాప్‌లైన్ నేర్చుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

వాసు_వైట్‌హార్స్ | 22 సెప్టెంబర్, రాత్రి 9:14

అందరికీ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లెటూరు. కెనడా ఉత్తరాన యుకాన్‌లోని వైట్‌హార్స్ వచ్చి మూడేళ్లయింది, పీఆర్ (శాశ్వత నివాసం) కూడా వచ్చింది. పగలంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. పోయిన చలికాలం ఆఫీసులో ఒక పెద్దాయన తన ట్రాప్‌లైన్‌కి, అంటే బొచ్చు జంతువుల కోసం అడవిలో వరసగా ట్రాపులు పెట్టే దారికి, రెండు రోజులు తీసుకెళ్లాడు. స్కిడూ (మంచు మీద నడిచే బండి) వెనక స్లెడ్ మీద కూర్చుని స్ప్రూస్ చెట్ల మధ్య నలభై కిలోమీటర్లు పోయాం. ఆయన బండి ఆపి మంచు మీద గీతల్లాంటివి చూపించి, ఇది మార్టెన్ (ముంగిసలాంటి బొచ్చు జంతువు), ఇది కుందేలు, దాని వెనకే లింక్స్ (పెద్ద అడవిపిల్లి), నిన్న రాత్రిది అని చదివేస్తుంటే నాకు తెల్ల కాగితంలా కనపడింది. అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది.

వీడియోలు చూసి కోనిబేర్లు, అంటే స్ప్రింగుతో టక్కున మూసుకుని చంపే ఇనప ట్రాపులు, చిన్నవి 120 సైజువి మూడు, పెద్దది 330 ఒకటి కొనేశాను. నిన్న గరాజ్‌లో 330 సెట్ చేయబోతే చెయ్యి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఈ చలికాలమే సొంతంగా నాలుగు ట్రాపులు పెట్టాలని ఉంది. లైసెన్సు ఎలా, ఎక్కడ పెట్టుకోవచ్చు, ఏ సామాను కొనాలి? తెలిసినవాళ్లు చెప్పండి.


మంచుబాట | 22 సెప్టెంబర్, రాత్రి 10:02

వాసూ, ముందు ఆ 330ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. తర్వాత మాట్లాడుకుందాం.

సరే, మాట్లాడుకుందాం. అది బీవర్‌ని, అంటే నీళ్లలో గూడు కట్టుకునే పెద్ద ఎలుక జాతి జంతువుని, పట్టే ట్రాప్. ఇరవై కిలోల జంతువుని నీళ్లలో చంపడానికి చేసింది. నీ ముంజేతిని వదిలేస్తుందా? నాకు నేర్పిన ముసలాయన మొదటి రోజు ట్రాప్ పెట్టడం నేర్పలేదు, ట్రాప్‌లోంచి బయటపడటం నేర్పాడు. జేబులో ఎప్పుడూ బారెడు తాడు ఉండాలి. ఒక చెయ్యి ఇరుక్కుంటే రెండో చేత్తో ఆ తాడుని స్ప్రింగ్ చివర రింగుల్లోంచి దూర్చి, కింద ముడేసి, ముడిలో కాలు పెట్టి తొక్కుతూ పైకి లాగాలి. స్ప్రింగ్ మూసుకోగానే కొక్కెం తగిలించి, రెండోదాని సంగతి చూడాలి. ఇది కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో, గ్లవ్స్‌తో చెయ్యడం వచ్చేదాకా ఆయన నన్ను నది మీద అడుగు పెట్టనివ్వలేదు. వారం పట్టింది.

ఇంక నీ అసలు ప్రశ్న. నాలుగు ట్రాపులు పెట్టుకుంటా అంటున్నావు, ఎవరి అడవిలో? ఇక్కడ ఖాళీ అడవి లేదు. యుకాన్‌ని మూడొందలకి పైగా కన్సెషన్లుగా విడగొట్టి రాసి ఉంచారు. ఒక్కోటి ఒక్కరి పేరు మీదో, ఒక కుటుంబం పేరు మీదో ఉంటుంది. మన పొలం గట్టు లాంటిదే, మంచు కింద కనపడదంతే. పక్కవాడి గట్టు దాటి ట్రాప్ పెడితే కోర్టు కన్నా ముందు ఊరే నిన్ను వెలేస్తుంది.

దారి ఒకటే. ట్రాపర్ కోర్సు చెయ్యి. తర్వాత ఎవరైనా కన్సెషన్ ఉన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల కింద అసిస్టెంట్ ట్రాపర్‌గా లైసెన్సు తీసుకో. నేను ఏడేళ్లు అలాగే తిరిగాను, ఇక్కడి మేయో ఊరి అవతల. ఇప్పటికీ నా పేరు మీద అంగుళం లేదు.


ఫెయిర్‌బ్యాంక్స్_రవి | 23 సెప్టెంబర్, ఉదయం 6:40

మా అలాస్కాలో వేరే కథ. ఇక్కడ రిజిస్టర్డ్ లైన్లు లేవు. లైసెన్సు తీసుకుని సర్కారు నేల మీద ఎవరైనా పెట్టొచ్చు. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది గానీ, ఇరవై ఏళ్లుగా ఒకాయన నరుక్కున్న దారిలో నువ్వు ట్రాప్ పెడితే చట్టం ఏమీ అనదు, మనుషులే పలకరించరు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 1926లోనే లైన్లు రిజిస్టర్ చెయ్యడం మొదలుపెట్టింది. లైను నాదే అనుకున్నవాడు రేపటికి కాస్త మిగులుస్తాడు, ఎవరిదీ కాదనుకుంటే ఊడ్చేస్తాడు. మా చెరువుల వేలంపాట చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.


సాత్వికం | 23 సెప్టెంబర్, ఉదయం 8:15

చదువుకున్నవాళ్లు, మంచి జీతాలున్నవాళ్లు. నోరులేని జీవాల్ని సరదాకి చంపడానికి కోర్సులా? తిండికి అంటే అర్థం చేసుకోవచ్చు. ఎవరో ఆడవాళ్ల కోటు కాలరు కోసం మనకెందుకండీ ఈ పాపం?


ఎడ్మంటన్_బావ | 23 సెప్టెంబర్, ఉదయం 8:31

వచ్చేశారండీ. నిన్న ఇక్కడే బిర్యానీ థ్రెడ్‌లో లెగ్‌పీస్ ఫొటోకి లైక్ కొట్టింది మీరు కాదూ?


పద్మక్క_నర్సు | 23 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:50

బావగారూ, ఎగతాళి వద్దు. సాత్వికంగారు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. నేను ఉత్తరాన ఫస్ట్ నేషన్స్ (ఇక్కడి ఆదివాసుల) ఊళ్లలో తొమ్మిదేళ్లు నర్సుగా చేశాను. మొదట్లో నాకూ ఇదే అనిపించేది.

అక్కడ ట్రాప్‌లైన్ అంటే కోటు కాలరు కాదు. బీవర్ తోలు తీశాక మాంసం కుండలోకి వెళ్తుంది, తోక నిప్పుల మీద కాల్చి ముసలివాళ్లకి పెడతారు. లింక్స్ మాంసం కూడా తింటారు. చాలాచోట్ల బీవర్ ఎముకల్ని కుక్కలకి వెయ్యరు, తిరిగి నీళ్లలోనే కలుపుతారు. అలా చెయ్యకపోతే బీవర్ మళ్లీ తనని తాను ఇచ్చుకోదని నమ్మకం. వాళ్ల పిల్లల్ని ఇళ్ల నుంచి విడదీసి బలవంతంగా రెసిడెన్షియల్ స్కూళ్లకి తీసుకుపోయినప్పుడు భాషతో పాటు తెగిపోయినవాటిలో ఈ విద్య ఒకటి. ఇప్పుడు తాతలు మనవళ్లని మళ్లీ లైను మీదకి తీసుకెళ్తున్నారంటే అది సరదా కాదు.

అలాగని వాసు చేసేదీ అదే అని చెప్పను. వాసుకి ఇది సరదానే. ఆ సంగతి తనకి తెలిసుండాలి.


మంచుబాట | 23 సెప్టెంబర్, రాత్రి 9:20

పద్మక్క చెప్పింది నిజం. బాధ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. పాత కాలపు పళ్ల ఇనప ట్రాపులో కాలు ఇరుక్కుని జంతువు రోజుల తరబడి ఉండేది. వాటిలో చిక్కిన జంతువుల్ని చూసి చూసి మనసు విరిగే, కెనడా వాయవ్య ప్రాంతాల్లో ట్రాపరుగా బతికిన ఫ్రాంక్ కోనిబేర్ ఏళ్లపాటు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక్క దెబ్బతో చంపే ఈ ట్రాప్ చేశాడు. 1950ల చివర్లో బజారులోకి వచ్చింది. 1991లో యూరప్‌వాళ్లు కాలుపట్టు ట్రాపుల మీద చట్టం తెచ్చారు, దాని ఒత్తిడితోనే 1997లో కెనడా, రష్యా, యూరప్ మధ్య బాధ తగ్గించే ట్రాపుల గురించి ఒప్పందం కుదిరింది. చంపే ట్రాప్ అయితే ఎర్మిన్ అనే చిన్న జంతువుకి 45 సెకన్లలోపు, మార్టెన్‌కి 120 సెకన్లలోపు, మిగతావాటికి 300 సెకన్లలోపు స్పృహ తప్పాలి. అల్బర్టాలోని వెగ్రెవిల్‌లో పరీక్ష చేసి పాసైన మోడళ్లకే సర్టిఫికెట్ ఇస్తారు.

120 సెకన్లు అంటే రెండు నిమిషాలు. గడియారం పెట్టుకుని ఒకసారి ఊరికే కూర్చుని చూడండి, తక్కువేం కాదు. అది తెలిసే నేను చేస్తున్నాను. సాత్వికంగారిని ఒప్పించాలని లేదు.


కృష్ణాజిల్లా_రైతు | 24 సెప్టెంబర్, ఉదయం 5:55

నాకు మంచూ తెలీదు, మార్టెనూ తెలీదు. ఒక మాట మాత్రం చెప్పాలనిపించింది. మా డెల్టాలో వరి పొట్టకొచ్చే వేళకి ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లు వచ్చేవారు. వెదురు బద్దని విల్లులా వంచి బుట్టకి కడతారు. ఎలుక గింజ కోసం తల పెట్టి పుల్ల కదిలించగానే బద్ద పైకి లేచి దారం మెడకి బిగుస్తుంది. ఎలుకకింత అని కూలి.

మా పొలానికి వచ్చే యానాది పెద్దాయన బుట్టలు దించడానికి ముందు పొద్దున్నే ఊరికే గట్ల మీద నడిచేవాడు. కొత్త మట్టి ఎక్కడ తోడిందో, ఏ బొరియ నోట్లో సాలెగూడు ఉందో చూసుకునేవాడు. గూడు ఉంటే ఎలుక వెళ్లిపోయినట్టే కదా. తర్వాత యాభై బుట్టలూ అరగంటలో పెట్టేసేవాడు. నేను ఒకసారి నా సొంత తెలివితో పది పెట్టాను. తెల్లారి చూస్తే రెండు కప్పలు.

వాసూ, నువ్వు బుట్టలు కొన్నావు. గట్ల మీద నడవలేదు.


వాసు_వైట్‌హార్స్ | 24 సెప్టెంబర్, రాత్రి 8:45

బాబాయ్, ఆ చివరి మాట గుచ్చుకుంది. మంచుబాట అన్నా, తాడు పని మొదలెట్టాను. కోర్సుకి పేరిచ్చాను. మరి కన్సెషన్ ఉన్నాయన నన్నెందుకు రానిస్తాడు? అడగడానికే మొహమాటంగా ఉంది.


మంచుబాట | 24 సెప్టెంబర్, రాత్రి 9:30

"ట్రాపింగ్ నేర్పుతారా" అని అడక్కు. ఇప్పుడు సెప్టెంబరు. లైను ఉన్న ప్రతివాడికీ ఇప్పుడు కట్టెలు కొట్టాలి, దారికి అడ్డం పడ్డ చెట్లు కొయ్యాలి, క్యాబిన్ పైకప్పు బాగుచెయ్యాలి. ఎక్కువమంది అరవై దాటినవాళ్లే, నడుం పట్టేస్తుంది. "శనాదివారాలు ఖాళీ, గొడ్డలి పట్టగలను" అని చెప్పు చాలు. నవంబర్ 1న మార్టెన్ సీజన్ మొదలయ్యేనాటికి వాళ్లే పిలుస్తారు. పిలవకపోతే కట్టెలు కొట్టడమైనా వచ్చినట్టే.


ఆత్మకూరు_కుర్రాడు | 25 సెప్టెంబర్, ఉదయం 11:05

అన్నలూ, మా నల్లమల పక్కన కూడా ముంగిసలు, అడవిపిల్లులు చాలా ఉన్నాయి. ఇక్కడ ఇలాంటివి నేర్చుకోవచ్చా?


పద్మక్క_నర్సు | 25 సెప్టెంబర్, ఉదయం 11:20

వద్దు నాన్నా. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ముంగిసకి ఉచ్చు వేసినా జైలే. అడుగుజాడలు చూడటం నేర్చుకో, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. టైగర్ రిజర్వ్ లోపలికి మాత్రం పోకు.


వాసు_వైట్‌హార్స్ | 17 నవంబర్, రాత్రి 10:10

అప్‌డేట్. ఆరు వారాంతాలు కట్టెలు కొట్టాను. అరచేతులు చూసి మా ఆవిడ ఏడ్చినంత పని చేసింది. మా పెద్దాయన పిలిచాడు! అసిస్టెంట్ లైసెన్సు వచ్చింది. మొన్న మొదటిసారి మార్టెన్ సెట్లు పెట్టాం.

ఎలాగంటే, చేతి మణికట్టు కన్నా కాస్త లావు ఉన్న స్ప్రూస్ వాసం ఒకటి నరికి పెద్ద చెట్టుకి ఏటవాలుగా ఆనించాలి. పైచివర మన ఛాతీ ఎత్తులో చెక్కపెట్టె, దాని నోట్లో 120, లోపల బీవర్ మాంసం ముక్క. పెట్టెలో ఎందుకంటే బయట పెడితే గ్రే జే పిట్టలు ఎర కోసం వచ్చి చచ్చిపోతాయి. ఎత్తులో ఎందుకంటే మంచు పడి మునిగిపోకుండా. ట్రాప్ మూసుకున్నాక మార్టెన్ వాసం మీంచి గాల్లో వేలాడుతుంది కాబట్టి కింద చుంచులు బొచ్చు కొరకవు. పెద్దాయన చెట్టు ఎంచుకోవడానికి పది నిమిషాలు, సెట్టు కట్టడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. బాబాయ్ గుర్తొచ్చాడు.

లింక్స్ ఉచ్చు కూడా చూపించాడు. ఉచ్చు జానెడు వెడల్పు, నేల నుంచి జానెడుకి కాస్త పైన. కుందేలు కిందనుంచి దూరి పోతుంది, లింక్స్ తల సరిగ్గా అక్కడికి వస్తుంది. మన కొలత మంచు దేశంలో పనికొచ్చినందుకు భలే సరదా వేసింది.

ఒక డౌటు. కొత్త ట్రాపుల్ని స్ప్రూస్ బెరడు నీళ్లలో ఉడకబెట్టమంటారు చాలామంది. ఆయన ఒట్టినే సబ్బుతో కడిగేశాడు?


ఫెయిర్‌బ్యాంక్స్_రవి | 18 నవంబర్, ఉదయం 7:00

మార్టెన్‌కి మనిషి వాసన అంటే పెద్ద పట్టింపు లేదు. అమాయకపు జీవి. తోడేలుకి, నక్కకి ఉడకబెట్టాలి, గ్లవ్స్ మార్చాలి, పూజారిలా మడి కట్టుకోవాలి.

ఆ అమాయకత్వం వల్లే ఒక జాగ్రత్త కూడా. మార్టెన్‌ని ఒక లైను మీంచి పూర్తిగా ఊడ్చెయ్యడం చాలా తేలిక. పట్టినవాటిలో పిల్లవి ఎన్ని, పెద్ద ఆడవి ఎన్ని అని లెక్క రాస్తూ ఉండు. తోలు తీశాక పుర్రె మీద కండ ఎంతవరకు కమ్ముకుందో చూసి వయసు చెప్పొచ్చు. ఒక్కో పెద్ద ఆడదానికి కనీసం మూడు పిల్లవి పడకపోతే ఆ ఏడాది పిల్లలు తక్కువన్నమాట, ట్రాపులు మూసెయ్యాలి.


మంచుబాట | 18 నవంబర్, రాత్రి 9:05

సెట్లు బాగున్నాయి. ఇప్పుడు అసలైనది. ట్రాపింగ్‌లో మనుషులు పోయేది ట్రాపుల వల్ల కాదు. నీళ్ల వల్ల.

మైనస్ 30లో నీళ్లేంటి అనుకుంటావు. నది మీద మంచు బరువుకి ఐసు కుంగుతుంది, పగుళ్లలోంచి నీళ్లు పైకి ఎక్కుతాయి. పైన ఉన్న మెత్తటి మంచు దుప్పటిలా కప్పి ఆ నీళ్లని గడ్డకట్టనివ్వదు. ఓవర్‌ఫ్లో అంటారు. పైనుంచి చూస్తే తెల్లగా, చదునుగా, హాయిగా ఉంటుంది.

నా రెండో ఏడాది, జనవరి, స్టూవర్ట్ నది వంపు. తొందరలో గట్టు దారి వదిలి నది మీదుగా అడ్డంగా కొట్టాను. బండి మోకాలి లోతు బురద మంచులో కూరుకుంది. దిగాను. రెండు బూట్లూ నిండాయి. బండిని ఊపి ఊపి లాగడంలో ఒళ్లంతా చెమట. అది ఇంకా పెద్ద తప్పు, ఆ చలిలో చెమట కూడా నీళ్లే కదా. గట్టుకి చేరేసరికి ప్యాంటు రేకుడబ్బాలా చప్పుడు చేస్తోంది. జేబులో లైటరు ఉంది, బొటనవేలు మాత్రం చక్రం తిప్పలేదు. రెండు అరచేతుల మధ్య అగ్గిపుల్లల కట్టంతా పెట్టి ఒకేసారి గీశాను. లోపలి జేబులో బర్చ్ చెట్టు బెరడు పొడిగా ఉంచుకున్నా కాబట్టి అంటుకుంది. అది తడి అయ్యుంటే ఈ పోస్టు ఉండేది కాదు.

ఆ రాత్రి బండిని అక్కడే వదిలేశాను. ట్రాకు ఐసులో బిగుసుకుపోయింది, గొడ్డలితో చెక్కి తియ్యడానికి మర్నాడు ఇద్దరికి మూడు గంటలు పట్టింది. ఇప్పుడు ఎక్కడ ఆపినా ట్రాకు కింద స్ప్రూస్ కొమ్మలు పరుస్తాను. నడిచి వెనక్కి రాగలిగినంత దూరమే పోతాను. స్నోషూలు (మెత్తటి మంచు మీద నడిచే వెడల్పు చెప్పులు) బండి మీద కట్టకుండా ఎప్పుడూ పోలేదు. మైనస్ 40 దాటితే పోనే పోను. బండి బెల్టు గాజులా పగులుతుంది. మార్టెన్ కూడా ఆ చలిలో ఇల్లు కదలదు, నువ్వెందుకు కదలడం?


పద్మక్క_నర్సు | 19 నవంబర్, ఉదయం 7:45

అన్నగారి పోస్టు చదివి టెన్షన్ వచ్చింది, నర్సు బుద్ధి. వేళ్లు తెల్లబడి మైనంలా అయితే మంచుతో రుద్దొద్దు, పొయ్యి పక్కన పెట్టొద్దు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్నచోట కరిగించనే వద్దు, కరిగి మళ్లీ గడ్డకడితే వేలు పోతుంది. సురక్షితమైన చోటికి చేరాకే గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి.

ఇంకొకటి. బీవర్, మస్క్‌రాట్, కుందేలు కోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. తులరేమియా అనే జ్వరం చిన్న గాటులోంచి కూడా ఎక్కుతుంది. లింక్స్ మాంసం ఎవరైనా పెడితే బాగా ఉడికిందో లేదో చూసుకునే తిను, అందులో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు. జ్వరమొచ్చి క్లినిక్‌కి వెళ్తే "నేను ట్రాపింగ్ చేస్తాను" అని ముందే చెప్పు, లేకపోతే ఫ్లూ అనుకుని పంపేస్తారు.


ఎడ్మంటన్_బావ | 19 నవంబర్, సాయంత్రం 6:12

ఇంతా చేసి డబ్బులెన్ని వస్తాయి తమ్ముడూ? ఈఎమ్‌ఐ తీరుతుందా?


మంచుబాట | 19 నవంబర్, రాత్రి 8:58

పెట్రోలు ఖర్చు తిరిగి వస్తే పండగ. 2013 ప్రాంతంలో ధరలు బాగుండేవి, కొత్త స్కిడూ కొన్నవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత రష్యా, చైనా కొనుగోళ్లు తగ్గాయి, ఇజ్రాయెల్, కాలిఫోర్నియా బొచ్చు అమ్మకాలే ఆపేశాయి. 2019లో ఒక పెద్ద వేలం సంస్థ కుప్పకూలినప్పుడు నావీ కొన్ని తోళ్ల డబ్బులు ఇరుక్కున్నాయి. ఒకప్పుడు ఇక్కడ బొచ్చు వ్యాపారం చేసిన హడ్సన్ బే కంపెనీ బీవర్ తోలునే రూపాయిలా లెక్కబెట్టింది, తుపాకీకి ఇన్ని బీవర్లు, దుప్పటికి ఇన్ని బీవర్లు అని. ఇప్పుడు బీవర్ తోలు మీద ఉన్న కొవ్వు గీకడానికి నాకు పట్టే టైముకి కూలి కట్టుకుంటే నేనే దానికి ఎదురివ్వాలి.


వాసు_వైట్‌హార్స్ | 2 మార్చి, రాత్రి 11:20

సీజన్ అయిపోయింది. ఆలస్యానికి సారీ, డిసెంబర్‌లో అక్కడ వెలుగు కొద్ది గంటలే, మిగతాదంతా క్యాబిన్‌లో దీపం వెలుతురులో తోళ్ల పని.

లెక్క చెప్తాను. ఇద్దరికీ కలిపి ఇరవై మూడు మార్టెన్లు. ఇంకా పడేవేమో, జనవరిలో ఒక వుల్వరీన్ (చిన్న ఎలుగులా ఉండే జంతువు) లైను పట్టుకుంది. మా స్కిడూ దారి వెంటే నడుచుకుంటూ ఒక్కో పెట్టె దగ్గరా ఆగి, పెట్టె పీకి, మార్టెన్‌ని తినేసి తర్వాతదానికి పోయింది. వరసగా తొమ్మిది. పదోదాని దగ్గర తోక మాత్రం వదిలేసింది. నాకు తిక్క రేగింది. పెద్దాయన బండి ఆపి దాని అడుగుల పక్కన తన చెయ్యి పెట్టి కొలిచి, "పెద్దదే" అని నవ్వి థర్మోస్ తీశాడు. దానికి ట్రాప్ పెడదామా అన్నాను. వద్దన్నాడు, ఎందుకో చెప్పలేదు.

నా మొదటి మార్టెన్. మన ముంగిసంత ఉంటుంది, గొంతు కింద నారింజ రంగు మచ్చ. రాయిలా గడ్డకట్టి ఉంది. తొందరకొద్దీ పొయ్యి దగ్గర వేలాడదీశాను. తోలు తీస్తుంటే పొట్ట దగ్గర బొచ్చు గుప్పెళ్లుగా ఊడొచ్చింది. పెద్దాయన ఏమీ అనకుండా తన మార్టెన్‌ని పైకప్పు దూలానికి, పొయ్యికి దూరంగా, రాత్రంతా కట్టి ఉంచాడు. పొద్దున్న మడమ నుంచి మడమకి ఒక్క కోత కోసి మేజోడు విప్పినట్టు విప్పేశాడు. పన్నెండు నిమిషాలు. నాకు రెండోది గంటన్నర, చెవి దగ్గర చిరిగింది. ఏడోది వచ్చేసరికి చిరగలేదు.

బీవర్‌కి కూడా వెళ్లాం. గూడు పక్కన ఐసు పల్చగా ఉంటుందని ముందు గడ్డపారలాంటి ఇనప చువ్వతో అడుగడుక్కీ పొడుచుకుంటూ నడిపించాడు. 330ని కట్టే కర్ర ఎండుదే ఉండాలట, పచ్చిదైతే బీవర్ దాన్నే కొరుక్కుని పోతుంది. పచ్చి పాప్లర్ కొమ్మ ఎర. కొమ్మ కట్టాను, కర్ర దించాను. 330 మాత్రం ఆయనే పెట్టాడు. "తాడు ఉందా" అని అడిగాడు. జేబులోంచి తీసి చూపించాను. తల ఊపాడు.


కృష్ణాజిల్లా_రైతు | 3 మార్చి, ఉదయం 5:40

ఊడిన బొచ్చు తోలు ఏం చేశావు వాసూ?


వాసు_వైట్‌హార్స్ | 3 మార్చి, ఉదయం 7:02

బాబాయ్, అది వేలానికి పనికిరాదు. పెద్దాయన వాళ్లావిడ బాగున్నంత మేర కత్తిరించి మా పాప చేతి తొడుగులకి అంచు కుట్టిచ్చింది. మా ఆవిడకి 330 సంగతి కూడా చెప్పేశాను. ఇప్పుడు గరాజ్ తాళం తన దగ్గరే ఉంది.